దసరా పూజకు మూత తీసిన సీరియం

ఆ మేనేజరు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. 2013 ప్రాంతంలో శ్రీకాకుళం దగ్గర ఓ చిన్న రసాయనాల షెడ్డులో, సరుకు పరీక్షించే గదిలో పనిచేసేవాణ్ణి. మా తాత కాలంలో మా ఇంటిని దివాణం అనేవారు. నేను ఆమదాలవలసలో రైలు దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని డ్యూటీకి వెళ్లేవాణ్ణి.

మేం చేసేది సీరియం అనే లోహపు లవణం, సీరియం నైట్రేట్. సీరియం కార్బొనేట్ పొడిని నత్రికామ్లంలో కొద్దికొద్దిగా వేస్తే బుసబుసా పొంగి కరుగుతుంది. వడగట్టి, సన్న సెగ మీద చిక్కబరిచి చల్లారిస్తే పటికలాంటి స్ఫటికాలు వస్తాయి. కార్ల పొగను శుభ్రం చేసే పరికరాల తయారీకి కొంటారు. పెట్రోమాక్స్ లైటు మేంటిల్ తెల్లగా వెలగడానికీ ఇదే వాడేవారు. నిప్పు తగిలితే మంటను రెచ్చగొడుతుంది. మూత తీసి ఉంచితే గాలిలోని తడి పీల్చేస్తుంది. మా సముద్రపు గాలికి అరపూట చాలు.

ఆ దసరాకి మేనేజరు డ్రమ్ముల మూతలన్నీ తీయించాడు.

"సరుకు అమ్మోరు సూడొద్దేటి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కొబ్బరికాయ చేతిలో పెట్టాడు. "తొలికాయ తమరే కొట్టాల బాబూ. దివాణంవారుండగా మేమేటి?"

మా ఊళ్లో ఆ మర్యాద మా నాన్నతోనే పోయింది. హారతి పళ్లెం దూరంగా పెట్టించాను గానీ మూతల మాట మింగేశాను. పూజ, ప్రసాదం, ఫోటోలు మధ్యాహ్నం దాకా సాగాయి. అంతసేపూ ముందువరసలో నిలబడ్డాను.

మర్నాడు సరుకు తడిసిన పంచదారలా ముద్దకట్టింది. పరీక్షిస్తే సీరియం శాతం తగ్గింది. మళ్లీ కరిగించి స్ఫటికాలు కట్టించడానికి రెండు రోజులు అడిగాను.

"లారీ నిలబడిపోనాది. పరీక్ష కాగితం మీద పండక్కి ముందు అంకెలే ఏసి సంతకం ఎట్టెయ్యండి."

"తడిసిన సరుకుకి పొడి సరుకు కాగితమా? పెట్టను."

"తాతగారి దివాణం ముద్ర అడిగినట్టు బిగుసుకుపోతన్నారేటి? గుమస్తా సంతకమే గదా, ఇంకొకడు ఎడతాడు. రేపట్నుంచి తమరు రానక్కర్నేదు."

నిన్న దివాణం, ఇవాళ గుమస్తా. ఒళ్లు మండిపోయింది. వాడి మీద సగం, కొబ్బరికాయకు లొంగిపోయిన నా మీద సగం. అసలు అంకెలే వేశాను. కింద, 'పూజలో మూతలు తీసినందువల్ల తడిసింది. చూసి కూడా నేను ఆపలేదు' అని రాసి సంతకం పెట్టాను.

వాడు చదివి నా ఎదుటే చింపేశాడు. నేను ఇంకో కాగితం తీసి, అదే మళ్లీ రాసి, కొన్నవాళ్లకిమ్మని లారీ డ్రైవరు జేబులో పెట్టి, గేటు దాటాను.