నేల కిందికి దిగి విన్నవాడు

బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను రియాద్‌లో ఆసుపత్రి డ్యూటీ ముగించుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడమ్మా. మళ్ళీ లేవలేదు" అంది.

కోనసీమలో పుట్టి, సగం జీవితం సౌదీ ఎడారిలో చమురు బావులు తవ్విన మనిషి. రిగ్గు మీద డ్రిల్లరు. ఆ జీతంతోనే నన్ను నర్సింగు చదివించాడు. సెలవు దొరికిన శుక్రవారం రియాద్‌లో మనవాళ్ళు చేరే బతా బజారుకి వచ్చేవాడు. అక్కడి మెస్సులో ఆయనా, నేనూ, మా ఆయనా కలిసి తినేవాళ్ళం. కూర్చోగానే అరచెయ్యి బల్ల మీద ఆనించేవాడు. ఏళ్ళ తరబడి రిగ్గు బ్రేకు లీవరు పట్టుకుని నేల అదురు కనిపెట్టడంతో వచ్చిన అలవాటు. ఒక్కోసారి తింటూ తింటూ ఆగి, "కింద ఏదో తిరుగుతోంది" అనేవాడు. మేం చెయ్యి పెడితే ఏమీ తెలిసేది కాదు.

మా ఊరి మడ అడవుల్లో చమురు బావులు తవ్వుతారన్న వార్త విని మా ఆయన మండిపడ్డాడు. బాబాయి ఒప్పుకోలేదు. "అడివి ముట్టుకోవద్దంటే ఎలాగ అల్లుడూ? మరి మనింట్లో పొయ్యెలా ఎలుగుద్ది? ఎన్నాళ్ళని ఇంకో దేశం గుమ్మంలో నించుంటాం?"

ఆ చలికాలం ఆయన రిగ్గు రియాద్‌కు దూరంగా ఒక రాతి మైదానంలో ఉంది. ఒకరోజు తవ్వకం సాగడానికి గొట్టంలోకి పంపే బురద తిరిగి పైకి రాలేదు. ఎంత పోసినా నేల మింగేస్తోంది. అయినా తవ్వుతూనే ఉన్నారు. మర్నాడు ఒంటెలు మేపే బదూ తెగ ముసలాయన ఒకడు వచ్చి, బాబాయి ముందు బకెట్టు పెట్టాడు. అందులో నీళ్ళు రిగ్గు బురదలా బూడిద రంగులో ఉన్నాయి. బాబాయిని వెంటబెట్టుకుని నేలలోని ఒక బిలం దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపలున్న నీటిగుంట వాళ్ళకు ఆధారం.

ఆ శుక్రవారం బాబాయి అన్నం కలుపుతూ, ముద్ద ఎత్తకుండానే చెప్పాడు. "తాడు పట్టుకుని దిగేనమ్మా. లోపల ఎవరో ఊపిరొదులుతున్నట్టు గాలి. అప్పుడినపడింది. దబ్... దబ్... నా రిగ్గే. పైనించి కాదు, గోడల్లోంచి. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు చేసింది నేనే. కిందోళ్ళకి ఎలా ఇనపడుద్దో అప్పుడు తెలిసింది. బయమేసింది."

పైకొచ్చి రిగ్గు ఆపేశాడు. "దేశానికి కావాల్సింది చమురు. ఇక్కడెవరున్నారని?" అన్నాడట ఇంజనీరు. "ఒకాయన బకెట్టు పట్టుకొచ్చాడు కదండీ" అన్నాడట బాబాయి. ఆ బావిని సిమెంటుతో మూసేదాకా లీవరు ముట్టుకోలేదు. చివరికి మూశారు. ఒంటెలు మాత్రం ఆ గుంట వైపు మళ్ళీ రాలేదట.

తర్వాత సౌదీలకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం బిగిసింది, విదేశీ పనివాళ్ళ మీద లెవీ పన్నులు పెరిగాయి. మనుషుల్ని తగ్గించుకునే మొదటి విడతలోనే కంపెనీ బాబాయికి ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చి ఊరికి పంపేసింది. అది ఆ బావి గొడవ వల్లో, లెవీ వల్లో అన్నది ఆయనా అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఊళ్ళో మడ అడవి మీద సభ పెడితే రెండు వర్గాలూ ఆయన్ని తమవాడే అనుకున్నాయి. "నూనె వద్దని నేననను. ముందు అక్కడికెళ్ళి ఇనండి" అన్నాడట. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సర్వేకి వచ్చినవాళ్ళను తనే పడవలో పాయల్లోకి తీసుకెళ్ళి, ఇంజను ఆపి, నోరెత్తకుండా కూర్చోబెట్టాడు. వాళ్ళలో ఒకతను ఒడ్డుకొచ్చాక, "అక్కడ ఇంకెప్పుడూ ఇంజను ఆపకండి" అన్నాడని పిన్ని చెప్పింది. ఏం విన్నాడో చెప్పలేదట. తవ్వాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు.

అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాను. తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. సమాధుల తోట పాయ ఒడ్డునే. ప్రార్థన ముగిసి జనం కదిలారు. ఫోన్ ఆపడం మరిచిపోయి వాడు అక్కడే నిలబడ్డాడు. తెర మీద మడచెట్ల కింద బురద, దాని మీదికి పాకుతున్న పోటు నీళ్ళు. ఒక పీత కన్నం నిండి, బుడగ వదిలింది. పక్కది వదిలింది. దాని పక్కది. గాలి లేదు, మనిషి అలికిడి లేదు. కింద ఏదో తిరుగుతున్నట్టు, బుడగలు ఒకదాని వెనక ఒకటి చెట్ల లోపలికి వెళ్తూనే ఉన్నాయి.