బావ బనియన్లు

నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల కంపెనీ ప్రహరీ వెనక సందులో మా బావ షెడ్డు ఉంది. బావ అంటే మా అక్క భర్త. గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి గాజు తలుపుల మీద, అద్దాల మీద, గ్రానైట్ పలకల మీద బొమ్మలు చెక్కడం ఆయన పని. మెకానికల్ డిప్లొమా చేసి, ఒకటి రెండు కంపెనీలు తిరిగి, చివరికి నేనూ అక్కడే చేరాను. కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం, వాటిని కోసే యంత్రానికి పంపడం, కంప్రెసర్ నూనె చూడటం, కస్టమర్ల ఫోన్లు ఎత్తడం నా వంతు. ఇసుక కొట్టే గన్ పట్టేది మాత్రం బావ ఒక్కడే.

పని ఒక వరసలో జరుగుతుంది. నేను గీసిన బొమ్మను యంత్రం మందపాటి రబ్బరు స్టిక్కర్ మీద కోస్తుంది. స్టిక్కర్‌ను గాజుకు అంటిస్తాం. గాజు ఎక్కడ చెక్కాలో అక్కడి ముక్కల్ని బ్లేడు మొనతో లేపి తీసేస్తాం. తర్వాత గన్‌తో కొడితే తెరిచిన చోట గాజు తెల్లగా, గరుకుగా అవుతుంది. రబ్బరు ఉన్నచోట ఏమీ కాదు.

చిక్కంతా తీసిన ముక్కలతోనే. వాటి వెనక జిగురు ఉంటుంది. నేల మీద పడేస్తే చెప్పులకు అంటుకుంటాయి. బల్ల మీద పెడితే తర్వాతి గాజు కిందికి చేరి గీత పెడతాయి. డబ్బాలో వేద్దామంటే వేలిని వదలవు. బావ దీనికి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టాడు. షెడ్డులో ఉక్కకు ఎలాగూ బనియన్ మీదే పని చేస్తాడు కాబట్టి, ముక్క లేపడం, గుండె మీద అంటించుకోవడం, ఇంకో ముక్క లేపడం. చూపు గాజు మీద నుంచి కదలదు. మధ్యాహ్నానికి ఆయన ఛాతీ నిండా ఆకులు, పూరేకులు, చుక్కలు ఉంటాయి. వాటి మీద ఇసుకలో కలిపి కొట్టే గ్రిట్ అనే నల్లటి లోహపు పొడి కూడా పేరుకుంటుంది.

ఉప్పల్‌లో వాళ్లిల్లు. నేనుండేది పై గదిలో. ఆదివారం పొద్దున్నే కింది నుంచి అక్క గొంతు వినిపిస్తుంది.

"ఏందయ్యా ఇవి? వాషింగ్ మిషన్ల ఆకులు రాలుతున్నయి. బట్టలుతుకుతున్ననా, తోట ఊడుస్తున్ననా?"

"గవి పూలు గూడ ఉంటయి, సూడు," అంటాడు బావ.

ఇదంతా నవ్వులాట. నవ్వులాట కానిది దుమ్ము. బావ ముక్కుకు కట్టుకునేది తడి తువ్వాల. పని అయిపోయాక ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడు. బెల్లం తింటే దుమ్ము గొంతులోంచి కిందికి జారిపోతుందని ఈ పనివాళ్లందరి నమ్మకం. డిప్లొమాలో పరిశ్రమల భద్రత అని ఒక సబ్జెక్టు ఉండేది. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో, ఒకసారి చేసింది ఎందుకు తిరిగి బాగుపడదో అందులో బొమ్మలతో సహా చదివాను. బావకు చెప్పాను కూడా, చాలాసార్లు.

"బామ్మర్దీ, నీ డిప్లొమా కంప్యూటర్ల పెట్టు. నా ఛాతీల పెట్టకు," అనేవాడు.

బావకు భయం లేదని కాదు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ చివరి రోజుల్లో మంచం మీద నుంచి తలుపు దాకా నడిచి ఆగిపోయేవాడు. బావ చూడటానికి వెళ్లినప్పుడల్లా ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదట. ఆయన పోయాక కూడా బావ అదే గన్, అదే తువ్వాలతో పని చేస్తూ వచ్చాడు. పరీక్ష మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. తెలుసుకుంటే నిజమైపోతుందన్నట్టు.

వానలు తగ్గాక దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. పొద్దున నేను బండి సందులోకి తిప్పుతుండగానే షెడ్డు లోపలి నుంచి వినిపించేది. అక్క సిరప్పులు మార్చింది, కషాయాలు పెట్టింది. ఒకరోజు ఇవేవీ చేయకుండా స్కూటీ వేసుకుని నేరుగా షెడ్డుకొచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పుడు మేం మల్కాజిగిరి వాళ్ల పూజగది తలుపు మీద నెమలి బొమ్మకు ముక్కలు తీస్తున్నాం.

"నడువు, ఎక్స్‌రే తీపిచ్చుకుందువు."

"ఈ తలుపు రేపియ్యాలె."

"తలుపులు మస్తు వస్తయి. నువ్వు పోతే ఇంకోడు రాడు నాకు."

బావ ఏదో జోకు వేయబోయి ఆమె మొహం చూసి ఆగాడు. బ్లేడు పక్కన పెట్టాడు. మొహం కడుక్కున్నాడు, కొక్కేనికున్న చొక్కా తీసి పైన తొడుక్కున్నాడు, నా బండి వెనక కూర్చున్నాడు. పిల్ల స్కూలు నుంచి వచ్చే వేళని అక్క ఇంటికెళ్తూ, "రిపోర్ట్ రాంగనే ఫోన్ జెయ్యి. నువ్వు జెయ్యి, ఆయనతోని గాదు," అని నాకు చెప్పింది.

ఉప్పల్‌లో పరీక్షల సెంటర్ కిటకిటలాడుతోంది. ఎక్స్‌రే తీసే అబ్బాయి తల ఎత్తకుండానే అడిగాడు. గొలుసుందా? తీసేయ్. తాయెత్తు? అదీ తీసేయ్. జేబులో ఫోన్, పెన్ను? బయట పెట్టు. చొక్కా ఉండనీ పర్లేదు. ఊపిరి పీల్చి పట్టుకో. అంతే, అయిపోయింది.

ఫిల్ము తీసుకుని పక్క క్లినిక్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన దాన్ని లైటు పెట్టెకు తగిలించి కొంచెంసేపు చూశాడు.

"ఏం పని చేస్తారు మీరు?"

చెప్పాం.

"ఎన్నాళ్లుగా?"

బావకు బదులు నేనే, "అక్క పెళ్లికి ముందు నుంచీ," అన్నాను.

డాక్టర్ పెన్ను కొసతో కుడివైపు పైన చూపించాడు. "ఇక్కడ మచ్చలున్నాయి. మీ పని వల్ల వచ్చినవి కావచ్చు, టీబీ కావచ్చు. ఇప్పుడే ఏదీ అనలేను. సీటీ స్కాన్ చేయిద్దాం. అప్పటిదాకా ఆ దుమ్ములోకి మాత్రం వెళ్లకండి."

బయటికొచ్చి మెట్రో స్తంభం పక్కన టీ బండి దగ్గర నిలబడ్డాం. టీ చెప్పాను. ఇద్దరం తాగలేదు. నేను మనసులో చేయాల్సినవి వరస పెట్టుకుంటున్నాను: స్కాన్ ఎక్కడ, పెద్ద దవాఖానాలో ఎవరిని కలవాలి, షెడ్డు ఎన్నాళ్లు మూయాలి. వరస పెట్టుకుంటే నాకు భయం కొంచెం తగ్గుతుంది. ఆ రోజు తగ్గలేదు. నా పుస్తకంలోని బొమ్మ కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఫోన్ మోగింది. అక్క.

"ఎత్తకు," అన్నాడు బావ. "ఉస్తాద్‌కు గూడ ముందుగాల మచ్చలనే అన్నరు," అన్నాడు. టీ గ్లాసు బండి మీద పెట్టి, "అక్కకు దగ్గు మందు రాసిచ్చిండని జెప్పు. బిడ్డ పరీక్షలయినంక నేనే జెప్త," అన్నాడు.

నేను కవర్లోంచి ఫిల్ము తీసి ఆకాశానికి ఎత్తి పట్టాను. గాజు వచ్చినప్పుడల్లా అలాగే పట్టి చూస్తాను, బుడగ ఉందా, గీత ఉందా అని. ఏటవాలుగా, ఒక మూల నుంచి మొదలుపెట్టి. పక్కటెముకలు, గుండె నీడ, కుడివైపు పైన మచ్చలు. మూడు. పక్కపక్కనే.

వాటి అంచులు చూశాను. మరీ నున్నగా ఉన్నాయి. పుస్తకంలో మచ్చలు ఉప్పు చల్లినట్టు, అంచు ఎక్కడో తెలియకుండా ఉండేవి. ఇవి కోసినట్టున్నాయి. మూడూ ఒకే ఆకారం, నీటి చుక్కలా. మూడింటికీ తోక చివర కొంచెం తెగ్గోసి ఉంది.

ఆ తెగ్గోత నాది. నెమలి పింఛంలో కన్ను గీసినప్పుడు చుక్క తోకను మొనగా వదలను. మొన ఉంటే బ్లేడుతో లేపేటప్పుడు చిరిగి సగం గాజు మీదే ఉండిపోతుంది. అందుకని చివర్న అడ్డంగా ఒక చిన్న గీత పెడతాను. లోకంలో ఇంకెవరైనా అలా గీస్తారేమో కానీ, బావ ఊపిరితిత్తులు మాత్రం గీయవు.

"బావా, గుండీలిప్పు."

"ఏంది?"

"చొక్కా గుండీలిప్పు."

"నడి రోడ్డు మీద ఏందిరా! పిచ్చిగిట్ల లేసిందా?"

చెప్పే ఓపిక లేక నేనే చేయి వేశాను. పై గుండీ ఊడి టీ బండి కిందికి దొర్లింది. టీ అతను, "ఓ అన్నా, కొట్లాట గిట్ల పెట్టుకుంటే అవతలికి పోండ్రి," అన్నాడు. చొక్కా పక్కకు లాగాను. బనియన్ మీద పొద్దున తీసిన ముక్కలు. ఆకులు, రేకులు, మధ్యలో మూడు నెమలికన్నులు, వాటికి మాత్రం నల్లటి గ్రిట్ దట్టంగా పట్టుకుని.

బావ తల వంచి చూసుకున్నాడు. "డాక్టర్ కుడిదిక్కు అన్నడు. ఇవి ఏ దిక్కున్నయి?" అని అడిగాడు.

"కుడిదిక్కే బావా. నీ కుడి." ఫిల్మును ఆయన ఛాతీ పక్కన పెట్టి చూపించాను. సైజులో కొంచెం తేడా. ఆకారం అదే, వరస అదే, తోకలు ఒకే వైపు.

ఆయన ఒక ముక్కను గోటితో లేపి ఎండకు పెట్టి చూశాడు. తర్వాత స్తంభానికి ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నేనే ఎత్తలేదు. ఇంకా నిజంగా తెలియలేదు కదా.

సెంటర్‌లో ఈసారి బనియన్ కూడా తీయించాను. ఎక్స్‌రే అబ్బాయి చూసి తెల్లబోయాడు. "ఇవున్నయని ఇందాక జెప్పొద్దా అన్నా?"

"నువ్వడిగింది గొలుసు, తాయెత్తు, ఫోను, పెన్ను," అన్నాడు బావ. "ఆకులున్నయా, పూలున్నయా అని అడిగినవా?"

అప్పుడు తెలిసింది, ఆయన తేరుకుంటున్నాడని.

డాక్టర్ రెండు ఫిల్ములూ పక్కపక్కన తగిలించాడు. రెండో దానిలో మచ్చలు లేవు. నేను ఒక నెమలికన్నును బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు, మొదటి ఫిల్ము దగ్గర పెట్టి చూశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికేనని నాకు అనిపించింది. స్టెతస్కోపు పెట్టి వీపు మీద చాలాసేపు విన్నాడు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించాడు.

"ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఇవాళ్టికి. దగ్గు గాలిగొట్టాల్లో వాపు వల్ల. మందు వాడితే తగ్గుతుంది. కానీ ఆ తడిగుడ్డ మిమ్మల్ని కాపాడదు, ఆ బెల్లమూ కాపాడదు. ఇసుక మానండి. మంచి మాస్కు లేకుండా గన్ ముట్టుకోకండి. ఏటా వచ్చి ఫిల్ము తీయించుకోండి."

"బనియన్ లేకుండ," అన్నాడు బావ.

"బనియన్ లేకుండా," అన్నాడు డాక్టర్.

మెట్ల మీద నుంచే అక్కకు ఫోన్ చేశాను. "ఏడ సచ్చిన్రు ఇద్దరు? ఎన్నిసార్లు జెయ్యాలె?" అంది. ఏం లేదక్కా, బాగుంది, ఫిల్ము శుభ్రంగా ఉంది అన్నాను. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, మొదటిసారి ఏమైందో చెప్పాను. తర్వాత ఆమె అన్నది ఫోన్ పట్టుకోకుండానే బావకు వినిపించింది.

"ఎన్నేండ్ల సంది జెప్తున్న, బనియన్ మీద అంటియ్యకని! నా మిషన్ల రాలినయి, నీ ఫోటోల గూడ రాలినయి!"

బావ ఫోన్ తీసుకుని చెవికి పెట్టుకుని ఆమె తిట్టినంతసేపూ విన్నాడు. మొహం చూస్తే మాత్రం ఎవరో పాట పాడి వినిపిస్తున్నట్టుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఒక్కసారి ఆకలేసింది. అదే టీ బండి దగ్గరికెళ్లి, కింద వెతికి గుండీ తీసుకుని, పక్కనున్న మిర్చీ బండి మీద పడ్డాం.

"ఇవాళ్టికి" అన్న మాట నేను మర్చిపోలేదు. ఆ వారమే ఇసుక బస్తాలు పంపించేసి, ఇక గ్రిట్ ఒక్కటే వాడదామన్నాను. చిన్న పలకలకు చేతి తొడుగులు బిగించిన మూత పెట్టె తెచ్చాం. పెద్ద తలుపులకు తల మొత్తం కప్పే టోపీ, దానికి శుభ్రమైన గాలి వచ్చే గొట్టం. కంప్రెసర్ గాలిలో నూనె ఆవిరి ఉంటుంది కాబట్టి మధ్యలో ఫిల్టర్లు వరసగా పెట్టాను. వాటిని చూసుకునే పని నాదే. బావ మొదటిసారి తొడుక్కుని, "చంద్రుని మీదికి పోతున్ననారా?" అన్నాడు. కానీ తీయలేదు. వాయిదా పడ్డ మల్కాజిగిరి నెమలిని దాంతోనే పూర్తి చేశాడు. పని అయ్యాక బెల్లం ముక్క మాత్రం మానలేదు. దానికి నేను అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు పొద్దున సందులోకి బండి తిప్పితే కంప్రెసర్ మోత ఒక్కటే వినిపిస్తుంది. మొదట్లో కొన్నాళ్లు దాన్ని వినడానికే బండి ఆపేవాణ్ని.

మొన్న ఆదివారం అక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. బావ బనియన్ తీసి ముందు చూసింది, తిరగేసి వెనక చూసింది.

"ఏందయ్యా, ఒక్క ముక్క లేదు! పని జేస్తలేవా?"

"జేస్తున్న. అన్ని కంప్రెసర్ మీద అంటిస్తున్న," అన్నాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అక్క ఆ బనియన్‌ను వెలుగుకు ఎత్తి పట్టి ఇంకోసారి చూసింది. తర్వాత గట్టిగా దులిపి తీగ మీద వేసింది.