నాపబండ మీద మూడో పిలుపు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా అంగట్లో దిష్టి గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కర్పూరం అన్నీ అమ్మేవాణ్ని. అమావాస్య ముందు వాటికి మంచి గిరాకీ. కానీ మా అంగడి గుమ్మానికి ఒక్క నిమ్మకాయ కూడా నేను కట్టలేదు. తక్కెడలో పెట్టి తూచడానికి వీలుకానిది ఏదీ నాకు ఆనేది కాదు. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనూ నవ్వేవాణ్నే.

మాది కోసిగి వైపు. అక్కడ వానలు లేక బేరాలు పడిపోతే, బనగానపల్లెకు దగ్గర్లో ఒక ఊరికి వచ్చి కిరాణా అంగడి పెట్టుకున్నాను. ఊరి పేరు చెప్పను, ఇందులో ఉన్నవాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. నవాబు పాలన పోయి ఒకటి రెండేళ్లయిన రోజులవి. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లయిన చాన్నాళ్లకు పుట్టిన మా రత్నకు ఎనిమిది నెలలు.

మా ఇంట్లో మగవాళ్లు ఎక్కువకాలం బతకలేదు. మా తాత నలభై దాటలేదు. మా నాయన ముప్పై ఎనిమిదో ఏట, పొద్దున పది గంటలకు, తక్కెడ పట్టుకొని అట్లే పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడు ఎదురుగా ఉన్నది నేనే. ఇద్దరూ నా మాదిరే లావు మనుషులు, పొద్దస్తమానం గద్దె మీద కూచున్నవాళ్లు.

ఒకనాడు బియ్యం మూట జరపబోతే నాకు కళ్లు చీకట్లు కమ్మాయి. ఊళ్లో డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "ఏం సెట్టీ, బిడ్డ పెండ్లి చూడాలని ఉండాదా, లేదా?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే రేపట్నించి పరుగెత్తు. మందులతో అయ్యేది కాదు" అన్నాడు.

ఆ రోజుల్లో పెద్దమనిషి పరుగెత్తాడంటే ఇల్లన్నా కాలుతూ ఉండాలి, ఎద్దన్నా తాడు తెంచుకొని ఉండాలి. మొదటిరోజు పంచె గోచీ పోసి బజారు వీధిలోనే మొదలుపెట్టాను. యాభై అడుగులు వేశానో లేదో, "ఏం సెట్టప్పా, ఎవురు తరుముకుంటాండారు?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు కట్టె పట్టుకొని, "దొంగ యా పక్క పాయె?" అంటూ నాతోపాటే పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నం అంగడికి వచ్చిన ప్రతివాళ్లూ దొంగ దొరికాడా అని అడిగారు.

నాకు పౌరుషం ఎక్కువ. నవ్వులపాలు కావడం కంటే చావడమే మేలనుకునే రకం. అందుకని పొద్దున్నే మనుషులు తిరగని దోవ ఏదా అని వెతికి, వంక వైపు పోయే దోవ ఎంచుకున్నాను. శ్మశానం ఆ వంక గట్టునే ఉంది. దోవ చదునుగా, మెత్తటి ఎర్రమట్టితో బాగుండేది. బండ్లు రావు, ఎవరూ ఎదురుపడరు. దయ్యాల భయం లేనివాడికి అంతకంటే మంచి దోవ ఏముంటుంది?

తూర్పు తెల్లబడగానే బయలుదేరేవాణ్ని. ఒక తుమ్మచెట్టు దాకా పరుగు, తర్వాతి చెట్టు దాకా నడక. మొదటివారం డొక్కలో పోటు, పిక్కల్లో నొప్పులు. గద్దె ఎక్కాలన్నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది. సగం దోవలో ఒక వేపచెట్టు పక్కన, నేలకు సమంగా పరిచిన పెద్ద నాపబండ ఉండేది. మనిషి పొడుగు ఉంటుంది. సరిగ్గా అక్కడికి పోయేసరికి నా ఊపిరి అయిపోయేది. దాని మీద వెల్లకిలా పడుకునేవాణ్ని. చెమట పట్టిన వీపుకు బండ చల్లగా, హాయిగా ఉండేది. ఎవరో పుణ్యాత్ముడు బాటసారుల కోసం వేయించాడనుకున్నాను. ఆ ఊళ్లో అప్పటిదాకా నేను ఒక్క చావుకూ పోలేదు.

నెల తిరిగేసరికి నా మొలతాడు రెండు వేళ్లు వదులైంది. మా ఆవిడ సంతోషంగా ముడి బిగించి కట్టింది. నడక తగ్గింది, పరుగు పెరిగింది. అయినా ఆ బండ దాటి మాత్రం ఒక్కనాడూ పోలేకపోయాను. అప్పుడు అదేమీ వింతగా అనిపించలేదు.

అది మార్గశిరం. ఆ పొద్దు మంచు బాగా పట్టింది. బండ మీద పడుకొని, కళ్లు మూసుకొని, ముక్కుతో గాలి పీలుస్తున్నాను. డాక్టరు అట్లా చెయ్యమన్నాడు.

"నాయనా" అని కుడి చెవిలో ఎవరో పిలిచారు.

ఆడపిల్ల గొంతు. ఎనిమిదేళ్లో పదేళ్లో ఉంటాయేమో. దూరం నుంచి పరుగెత్తి వచ్చినట్టు ఎగపోస్తోంది. చెవికి వెచ్చటి ఊపిరి తగిలింది. కళ్లు తెరవబోతే రెప్పలు లేవలేదు. కాళ్లూ చేతులూ నావి కానట్టు పడి ఉన్నాయి. తర్వాత నా చెంప మీద ఒక చిన్న చెయ్యి పడింది. తడిగా, జిగటగా ఉంది.

"నాయనా, లెయ్" అంది. ఈసారి ఏడుపు గొంతు.

మూడోసారి పిలవడానికి ఆ పిల్ల ఊపిరి లోపలికి పీల్చడం నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడు ఎట్లా లేచానో నాకే తెలియదు. అరుస్తూ లేచాను. చుట్టూ ఎవరూ లేరు. దగ్గర్లో దాక్కోవడానికి ఆ వేపచెట్టు తప్ప ఏమీ లేని బయలు అది. చెట్టు చుట్టూ తిరిగి చూశాను. మంచుకు తడిసిన మట్టిలో నా అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు.

ఆ రోజు ఊరిదాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తాను. డాక్టరు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ నా మొహం చూసి, "ఏమండీ, చెంపకంతా మామిడిపండు పూసుకోని వచ్చినారే! ఈ కాలంలో యాడ దొరికింది?" అంది. తువాలుతో తుడుచుకొని వాసన చూశాను. బాగా మాగిన పండు వాసన. చెట్లకు ఇంకా పూత కూడా రాని రోజులవి. ఆమెతో చెట్టు బంక అన్నాను. ఆ తువాలు మీద పచ్చటి మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

రెండు రోజులకు నాగన్న క్షవరం చెయ్యడానికి వచ్చాడు. ఊళ్లో ఎవరు పోయినా ముందు నిలబడి కార్యాలు నడిపించేది ఆయనే. మాటల్లో పెట్టి ఆ బండ సంగతి అడిగాను.

"అది దింపుడు కళ్లం కదప్పా! పీనుగను ఎత్తుకోని పోతాపోతా ఆ బండ మింద దించుతాం. కుడి చెవులో మూడు మార్లు పిలుస్తారు. పానం యాడన్నా రవ్వంత ఉంటే లేస్తాడని ఆశ. నువ్వు దాని మింద యాడ కూచుంటివి?"

కూచోవడం కాదు, పడుకున్నానన్న సంగతి దాచాను. "ఆడపిల్లలు కూడా పిలుస్తారా?" అని మాత్రం అడిగాను.

"ఆడోళ్లు ఆ దోవకే రారు. కొడుకో, తమ్ముడో పిలుస్తాడు. ఆడపిల్ల పిలిసేది నా అరవై ఏండ్లలో సూడలే" అన్నాడు.

దింపుడు కళ్లం సంగతి నాకు తెలియనిది కాదు. మా ఊళ్లో మా నాయన చెవిలో పిలిచింది నేనే. కానీ ఆ దోవలో ఆ బండ దానికోసమేనని నాకు తట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు కుడి చెవికి తువాలు చుట్టుకొని కూచున్నాను. అడిగినవాళ్లకు చెవిపోటు అని చెప్పాను. కుడి పక్కకు తిరిగి, చెవిని దిండుకు అదిమి పడుకునేవాణ్ని. ఎవరో పోయిన పిల్ల నన్ను తన తండ్రి అనుకుంటోందని, మూడో పిలుపు నాకోసం కాచుకొని ఉందని వణికిపోయాను. నిమ్మకాయలమ్మే మనిషిని, ఒక నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నాను. సిగ్గయినా చెప్తున్నాను.

పరుగు మానేశాను. మళ్లీ ఆయాసం మొదలైంది. పాకుతూ వచ్చి నా మోకాలు పట్టుకునే రత్నను చూస్తే మా నాయన తక్కెడ పట్టుకొని ఒరిగిన తీరు గుర్తొచ్చేది. చివరికి బజారు వీధిలోనే పరుగు మొదలుపెట్టాను. జనం మళ్లీ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఆ చెవిలో ఊపిరి కంటే ఈ నవ్వులు నాకు ఎంతో నయమనిపించాయి. ఒక ఏడాదికి వాళ్లకు నవ్వడం విసుగొచ్చింది.

రత్నకు ఎనిమిదేళ్లప్పుడు ఒక సాయంత్రం అది బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, అంగడి మెట్ల దగ్గర ఎగపోస్తూ, "నాయనా" అని పిలిచింది.

నా చేతిలో బెల్లం దిమ్మ కింద పడింది. అదే గొంతు. అదే ఎగపోత. రోజూ వినే గొంతే, రత్న పెరిగి పెరిగి ఆ రోజుకు ఆ గొంతు దగ్గరికి వచ్చింది. ఏడేళ్ల కిందట, మాటలు కూడా రాని పసిబిడ్డగా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, అది నన్ను బండ మీద పిలిచింది. అంటే ఆ పిలుపు ఇంకా జరగాల్సి ఉంది. అప్పుడు నేను ఏ స్థితిలో ఉంటానో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు కట్టడులు పెట్టాను. రత్న పరుగెత్తకూడదు. ఇంట్లోకి మామిడిపండు రాకూడదు. మామిడి తోటల మధ్య కాపురముంటూ ఈ మాట అన్నవాణ్ని నేనొక్కణ్నే. "పిల్లకు పండు కూడా పెట్టని తండ్రి యాడన్నా ఉంటాడా?" అని మా ఆవిడ ఏడ్చింది. కారణం చెప్పలేదు. చెప్తే అది నిజమైపోతుందని భయం. ఆ గొంతు ఆ జిగట చేత్తో నా దగ్గరికి రాకుండా ఉంటే చాలు, బతికిపోతాననుకున్నాను. వాదనకు దిగితే బిడ్డ మీద అరిచేవాణ్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాకు ముప్పై ఎనిమిది వచ్చింది. వైశాఖం. పొద్దున పది దాటింది. కందిపప్పు తూస్తున్నాను. తక్కెడ ముల్లు కదలడం చూశాను. అంతే, ఆ తర్వాత నాకేమీ తెలియదు. మిగిలింది వాళ్లూ వీళ్లూ చెప్పింది.

నలుగురు నన్ను మంచం మీద వేసుకొని బయలుదేరారు. అప్పటికి రెండేళ్ల ముందే వంక దోవలో కొత్త ఆస్పత్రి కట్టారు. ఎంత పరుగెత్తినా నేను బరువైన మనిషినే. సగం దోవలో వాళ్ల భుజాలు ఆగలేదు. ఆ ఎండలో మంచం దించడానికి నీడ ఉన్న చోటు వేపచెట్టు పక్కనున్న ఆ నాపబండే. ముసలి నాగన్న వెనకాల వస్తూ, "బతికుండే మనిషిని ఈడ దించొద్దురా!" అని అరిచాడట. ఒకడు నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఇంక యాడ బతికుండాడు తాతా" అని తలపాగా తీసేశాడట.

అంతలో రత్న వచ్చింది. నేను ఇంట్లోకి రానివ్వని పండును అది పక్కింటి ఖైరూన్ బీ దగ్గర చాటుగా తింటోంది. కేకలు విని చెయ్యి కూడా కడుక్కోకుండా, ఆ ఎండలో, చెప్పుల్లేకుండా అంత దూరం పరుగెత్తింది. ఆడపిల్ల ఆ దోవకు రాకూడదని ఆపడానికి ఎవరికీ తోచలేదు. వచ్చి నా కుడి పక్కన మోకాళ్ల మీద కూచుంది.

నాకు వినిపించింది ఒక్క పిలుపే. "నాయనా!" అని గట్టిగా, చెవిలోనే. కళ్లు తెరిస్తే వేపాకుల మధ్య ఎండ, దాని ముందు రత్న మొహం. మూతి నిండా పచ్చటి రసం. ఎగపోస్తోంది. నాగన్న నేల మీద కూలబడి దండం పెడుతున్నాడు. నా చెంప జిగటగా ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు, నాడి బాగా తగ్గి ఉంటుంది, వీళ్లకు తెలిసి ఉండదు అన్నాడు. ఇన్నేళ్లు పరుగెత్తకపోతే దక్కేవాడివి కాదని కూడా అన్నాడు. సరే, ఆ రెండూ నేను ఒప్పుకుంటాను. మార్గశిరంలో నా చెంప మీదికి వచ్చిన పండు గురించి ఆయన్ను అడగలేదు.

కోలుకున్నాక ఒకరోజు రత్నను ఒళ్లో కూచోబెట్టుకొని, ఎన్నిసార్లు పిలిచావమ్మా అని అడిగాను.

"మూడు మార్లు నాయనా. మొదట నాయనా అంటి, పలకలే. మళ్లా చెంప తట్టి, నాయనా లెయ్ అంటి. అప్పుడూ పలకలే. మూడోసారి గట్టిగా అరిస్తి."

ఆ రోజు నేను విన్నది ఆ మూడోది ఒక్కటే. మిగతా రెండూ తొమ్మిదేళ్ల కిందట, అదే బండ మీద, అదే వరసలో విన్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, బిడ్డ దగ్గరే ఉంటున్నాను. రత్న పెళ్లి చూశాను, దాని పిల్లల పెళ్లిళ్లు కూడా చూశాను. ఈ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దయ్యమనడానికి లేదు, అక్కడ దయ్యం ఎవరూ లేరు. కలనుకుందామంటే మా ఆవిడ చూసిన మరక ఉంది. కానీ ఒక ఆలోచన మాత్రం నన్ను ఇంకా వదలదు. ఆ మంచు పొద్దున నేను భయపడి లేవకుండా ఇంకొక్క క్షణం అట్లే పడుకొని ఉంటే, మూడో పిలుపు కూడా అప్పుడే వినేసి ఉంటే, వైశాఖంలో నా కోసం ఏం మిగిలి ఉండేది?

అందుకే రత్న వంటింట్లోంచి ఎప్పుడు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. ఏ పనిలో ఉన్నా సరే, రెండోసారి పిలవనివ్వను.