పెద్దమ్మ బకీటు

మొన్న బుధవారం మొదటి షిఫ్టు దిగి బండి తీస్తుంటే నా భార్య ఫోన్ చేసింది. "పక్కింటి పెద్దమ్మ దవాఖానల పానం ఇడిసిందయ్యా" అన్నది. బండి పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఎందుకో ఫస్టు ఆమె బకీటు యాదికొచ్చింది.

ఆమె భర్త, మేం పెద్దనాయన అనేటోళ్ళం, భూమి కింద బాయిల బొగ్గు కొట్టి రిటైరైండు. ఎక్కువ రోజులు బతకలె. ఊరి చివర సమాధుల తోటల తెల్ల రాయి కింద ఉన్నడు. గోడ అవతలనే సైడింగ్, బొగ్గును రైలు డబ్బాలల్ల నింపి బయటి రాష్ట్రాలకు పంపే జాగ. నా డ్యూటీ గాడనే. వారం తిరిగేసరికి ఆ తెల్ల రాయి నల్లగైతది. ఆదివారం చర్చి కాంగనే పెద్దమ్మ బకీటు, పాత పంచె ముక్క పట్టుకొని పొయ్యేది. రాయి కడిగి, గుడ్డ పిండి, శిలువ మీద ఆరేసి, "ఇగ పండుకో" అని చెప్పొచ్చేది.

రెండేండ్ల కింద సైడింగ్ పెంచుతరని, తోట గూడ అండ్ల పోతదని తెలిసింది. పెద్దమ్మ ఇల్లిల్లు తిరిగి వద్దని సంతకాలు పెట్టిచ్చింది. మా ఇంటికచ్చినప్పుడు నేను కాయితం దిక్కే చూడలె.

"నాది కాంట్రాక్టు నౌకరి గదా పెద్దమ్మా..." అని నసిగిన.

"పిల్లలున్నోనివి, నీ సంతకం వద్దు తియ్యి. నాకు మోకాళ్ళు గుంజుతున్నయ్. ఆదివారం బకీటన్న మోసియ్యి."

సిగ్గుతోటి సచ్చిపోయిన. అప్పటిసంది ప్రతి ఆదివారం మోసిన. "సగం నీళ్ళు నీ చెప్పులకే పోస్తివి, మీ పెద్దనాయనకేం మిగిలినయ్రా?" అని తొవ్వ పొడుగూత సతాయించేది.

సైడింగ్ పెంచే ముచ్చట మీద కంపెనోళ్ళు బడి గ్రౌండుల మీటింగు పెట్టిన్రు. "బొగ్గు తోటే గదమ్మా మీ ఇల్లు నడిచింది?" అన్నడు ఒక సారు.

పెద్దమ్మ మైకు తీసుకున్నది. "నడిచింది బిడ్డా, కాదంటలేను. బతికినన్ని రోజులు మా ఆయన బొగ్గు కిందనే ఉన్నడు. సచ్చినంక గూడ బొగ్గు కిందనేనా? ఆయన పక్కన నా జాగున్నది. నేనచ్చేదాకనన్న ఆగుండ్రి."

పని ఆగింది. ఈ మధ్య మళ్ల మొదలు పెడ్తరంటున్నరు.

గురువారం ఆమెను ఆయన పక్కనే పెట్టినం. మట్టి వేసేటప్పుడు ఆ మాటనే చెవులల్ల తిరిగింది. వచ్చేదాక ఆగుమన్నది, వచ్చేసింది. ఇగ ఆపాల్సింది మేమే. ఆదివారం, ఆమె చర్చిల దాచిపెట్టిన ఆ సంతకాల కాయితం అడిగి తీసుకొని, ఆమె పేరు కింద సంతకం పెట్టిన. పెద్దమ్మా, రెండేండ్లు లేటు చేసిన.

తర్వాత బకీటు తీసుకొని ఒక్కన్నే పోయిన. పెద్దనాయన రాయి కడిగి, గుడ్డ పిండి శిలువ మీద ఆరేసిన. ఆమెది ఇంక పచ్చి మట్టి కుప్పనే, కడుగుదామంటే రాయి లేదు. అప్పుడే సన్నగ నల్ల దుమ్ము పట్టింది. గోడ అవతల డబ్బాలు నిండుతున్న సప్పుడు. చెప్పులు తడిసినయ్. సగం బకీటు నీళ్ళు పట్టుకొని, ఆమె ఏమన్న అంటదేమోనని చానసేపు నిలబడ్డ.