అయ్యగారు లేని ఆదివారం

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయట చెప్పలేదు.

అప్పటికి ఢిల్లీ పక్కనున్న వైశాలికి మెట్రో రాలేదు. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, మాది భీమవరం దగ్గర పల్లె. ఒక పంజాబీ ఆంటీ ఇంటి మేడ మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు ఆరాధన జరిగేది. నాలుగైదు కుటుంబాలం, అంతే. పాస్టరుగారిని మా వైపు అలవాటు ప్రకారం అయ్యగారు అనేవాళ్లం. కరోల్ బాగ్ నుంచి బస్సులు మారి వచ్చేవారు. పెద్ద వాన కురిసి మా ఇంటివాళ్లం మాత్రమే వచ్చిన రోజు కూడా నిండు గుడిలో చెప్పినట్టే వాక్యం చెప్పారు, ఒక్క ముక్క తగ్గించకుండా.

ఆయనతో ఒక్కటే ఇబ్బంది. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే, అదీ ఎవరికీ అందని శ్రుతిలో. రెండో చరణానికల్లా మగవాళ్ల గొంతులు కీచుమనేవి. "కాస్త తగ్గించండి అయ్యగారూ" అంటే, "దేవుడికి వినపడొద్దేంటండీ?" అని నవ్వేసేవారు.

అలాంటి మనిషి గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. భూస్థాపన అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, ఇక ఈ ఆరాధన ఆపేసి తలో హిందీ చర్చిలో చేరిపోదామనుకునే అందరం వచ్చాం. సంఘ పెద్దగా ఆ మాట పైకి చెప్పాల్సింది నేను. ఆయన పడ్డ కష్టమంతా నా నోటితోనే ముగిసిపోతుందని తలుచుకుంటే ఏడుపొచ్చింది.

ముందు ఒక పాట పాడదామన్నాను. ఎత్తుకోవడం నాకు అలవాటు లేదు, పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాను. మిగతావాళ్లూ అంతే.

అప్పుడు పాట మొదలైంది, ఎవరికీ అందని ఆ శ్రుతిలోనే. అలవాటు కొద్దీ అందరం గొంతు కలిపాం. కీచుమన్నాం, నవ్వాం, కళ్లు తుడుచుకున్నాం. పాట అయ్యాక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నువ్వా అని నా భార్య సైగ చేసింది. నేను ఆవిడేమో అనుకుంటున్నాను. అందరినీ అడిగాం. ఎత్తుకున్నది మాలో ఎవరూ కాదు.

ఆపేద్దామన్న మాట ఆ రోజు నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మెట్లు దిగుతుంటే ఇంటి ఆంటీ ఎదురొచ్చింది. కూతురింటికి వెళ్లి ఆ పొద్దుటే తిరిగొచ్చిందట, ఆయన పోయిన సంగతి తెలియదు. "ఆజ్ భీ పాదరీ జీ ఇత్‌నా ఊంచా గా రహే థే!" అని, ఇవాళ కూడా పాస్టరుగారు అంత పై శ్రుతిలో పాడారని నవ్వుతూ, ఆయన్ని చాయ్‌కి ఆగమని చెప్పమంది. విషయం చెప్పాం. "నహీ భయ్యా, మైనే ఖుద్ సునా" అని, తన చెవులతో తానే విన్నానంటూ, గదిలో చూడడానికి మమ్మల్ని దాటుకుని మెట్లెక్కింది.

చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారు, తిరిగి రారు అని మాకు నేర్పింది అయ్యగారే. కాబట్టి అది ఆయనేనని నేననను, ఆయనే ఒప్పుకోరు. ఆయన కాదని మాత్రం ఏ నోటితో అనను?