విలన్లందరికీ ఒకే దవడ

మావయ్య పోయాడు. పోయిన ఆదివారం పొద్దున్నే, భవానీపురంలో, కాఫీ తాగుతూ తాగుతూ ఒరిగిపోయాడు. నిన్న గవర్నర్‌పేటలో సంతాపసభ పెట్టారు. ఆయన బొమ్మలు వేసిన వారపత్రిక ఎడిటర్ గారు చేతికర్ర ఊతంగా లేచి, "మా ఆర్టిస్టు అజాతశత్రువండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అన్నది మావయ్య శత్రువే మరి.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. కుర్రతనంలో మిలిటరీలో చేరి మ్యాపులు గీసే పనిలో కుదిరాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో కాస్త తీరిక దొరికితే చాలు, తోటి జవాన్ల మొహాలు పెన్సిల్‌తో గీసి ఇచ్చేవాడు. వాళ్ళు వాటిని ఉత్తరాలతో ఇంటికి పంపుకొనేవారు. దివిసీమ కుర్రాడొకడు ఆయనకు ప్రాణస్నేహితుడు. తన బొమ్మ ఇంటికి పంపకముందే యుద్ధంలో పోయాడు. ఆ బొమ్మ భద్రంగా దాచుకుని మావయ్య బెజవాడ వచ్చి పత్రికలో చేరాడు.

జవాన్ల ప్రత్యేక సంచిక కోసం ఎడిటర్ గారు ఆ బొమ్మ అడిగారు. అప్పట్లో బొమ్మకు లోహపు బ్లాకు చేయించి అచ్చు వేసేవారు. పెన్సిల్ గీత బ్లాకులో పడదు, నల్ల ఇంకు ఉండాలి.

"వేరే కాగితం మీద ఇంకుతో నేనే వేసిస్తానండీ. దీన్ని మాత్రం ముట్టుకోకండి, వాళ్ళమ్మకివ్వాలి" అని మావయ్య చెప్పాడు.

"అలాగేనయ్యా" అన్నారు ఎడిటర్ గారు. మర్నాడు మావయ్య వెళ్ళేసరికి, తొందరపడి ఇంకెవరిచేతో అసలు బొమ్మ మీదే ఇంకు దిద్దించేశారు. అంతటితో ఆగారా? బక్కపల్చటి మొహం పాఠకులకు నచ్చదని కోరమీసం పెట్టించారు, బుగ్గలు నింపించారు.

కుర్రాడి తల్లి బొమ్మ కోసం బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. ఆవిడ ఇంట్లో కొడుకు ఫోటో అంటూ ఒక్కటీ లేదు. బొమ్మ చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, "ఎవరయ్యా ఈ బాబు? మావాడు కాడే" అని వెనక్కిచ్చేసిందట.

"పోన్లెండమ్మా, అందంగానే ఉన్నాడుగా" అన్నారట ఎడిటర్ గారు.

మావయ్య ఆ బొమ్మ తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి వారం సీరియల్లో కోడలి కాపురం కూల్చే మామ ఒకడున్నాడు. వాడికి ఎడిటర్ గారి వెడల్పాటి దవడ, దాని మీద ఎడమవైపు పుట్టుమచ్చ వచ్చాయి. అది మొదలు కల్తీ వ్యాపారికీ, దొంగస్వామికీ, మాట తప్పిన నాయకుడికీ, అందరికీ అదే దవడ. కొత్త విలన్ వచ్చినప్పుడల్లా మావయ్య ఈల వేసుకుంటూ మచ్చ పెట్టేవాడు. ఒకసారి ఎడిటర్ గారు బొమ్మ చూసి, "ఈ మొహం ఎక్కడో చూసినట్టుందయ్యా" అన్నారు.

"అద్దంలో చూసుంటారండీ" అన్నాడు మావయ్య. ఆయన జోకనుకుని పకపకా నవ్వారట!

"అంత కోపం పెట్టుకుని అక్కడే ఎందుకున్నావు మావయ్యా?" అని అడిగాను.

"రోజూ చూడకపోతే పోలిక కుదరదే" అన్నాడు. నాకు బొమ్మ గీయడం నేర్పుతూ, "మొహంలో ఒక్క గీత మార్చావంటే మనిషిని చంపినట్టే" అనేవాడు. పోయేలోపు ఆయన క్షమించేసి ఉంటాడని ఎవరైనా అంటే నమ్మకండి. క్షమించలేదు. నేనూ క్షమించను.

నిన్న సభలో మైకు నా చేతికొచ్చింది. ఆ తల్లి కథంతా చెప్పాను. "మీ ఇళ్ళల్లో పాత సంచికలుంటే తీసి చూడండి, విలన్ ఎవరో మీకే తెలుస్తుంది" అన్నాను. అందరూ ఎడిటర్ గారి వైపు తిరిగారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచి దవడను కప్పుకుంది. వయసులో పెద్దాయన, పాపం అనుకోవాలి కదా? అనుకోలేదు. నాకు కడుపు నిండింది.

ఒక్క సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు, చెబితే ఎడిటర్ గారే గెలిచినట్టవుతుందని. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ఆయనా చదవాలి.

కిందటి నెల మావయ్య ఆ దివిసీమ కుర్రాణ్ణి మళ్ళీ గీయాలని కూర్చున్నాడు. నుదురు కుదిరింది. కళ్ళు కుదిరాయి. పెదాలు దాటి కిందికి రాగానే చెయ్యి దానంతటదే వెడల్పాటి దవడ గీసేసింది. రబ్బరుతో చెరిపాడు. మళ్ళీ అదే వచ్చింది.

"వీణ్ణి గీసీ గీసీ వాణ్ణి మర్చిపోయానే అమ్మాయ్" అన్నాడు.

చెరిపి చెరిపి కాగితం అక్కడ చిరిగిపోయింది. అది ఇప్పుడు నా దగ్గరుంది. ఎత్తి పట్టుకుంటే ఆ కుర్రాడి కళ్ళు తిన్నగా నన్నే చూస్తాయి. కింద చిల్లులోంచి నా వేళ్ళు కనబడతాయి.