బ్రెడ్ మిషన్‌ను మధ్యలో ఆపిన శారద

కరోనా సద్దుమణిగిన తరువాతి వేసవిలో, సూరత్‌లోని మా వృత్తి శిక్షణ కేంద్రం నన్ను కోసాడ్ కాలనీకి పంపింది. అప్పటికి నేను బేకరీ విభాగంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని, పదవీ విరమణ దగ్గర పడింది. అప్పగించిన పని చెప్పుకోవడానికి చిన్నదే. కాలనీ మహిళలకు బ్రెడ్ చేయడం నేర్పాలి. శిక్షణ ముగిశాక వాళ్ళకు ఏ పరికరం ఇవ్వాలో సిఫారసు చేయాలి. పిసకడం నుంచి కాల్చడం దాకా అన్నీ తనే చేసుకునే బ్రెడ్ మిషనా, చేత్తో పిసికి కాల్చుకోవడానికి ఓవెనా? రెండింటిలో ఒకటే. నా సిఫారసు ప్రిన్సిపాల్ ద్వారా కొనుగోలు కమిటీకి వెళుతుంది. కమిటీ సంతకం పడ్డాక ఇక మార్చే వీలుండదు.

ఆ బ్యాచ్‌లో శారద అనే ఆమె ఉండేది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. భర్త రాజేశం సూరత్‌లోనే లింబాయత్ అనే పేటలో సాంచాలు నడుపుతాడు, పవర్‌లూమ్‌ను వాళ్ళు అలాగే అంటారు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అంటించేది. జిగురు ఘాటుకు కళ్ళు ఎర్రబడి ధారగా నీళ్ళు కారేవి. కళ్ళు కావాలంటే ఆ పని మానేయమని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. మానేస్తే ఇల్లు గడిచేదెలా? దగ్గర్లోని ఒక ఆసుపత్రి క్యాంటీన్ వాళ్ళు నమూనా నచ్చితే రోజూ బ్రెడ్ తీసుకుంటామన్నారు. శారద ఆశలన్నీ ఆ నమూనా మీదే పెట్టుకుంది.

మనిషి నోరు గట్టిది. నేను ఒకటంటే తను రెండనేది. మొదటి రోజు నేను చెప్పేది పూర్తికాకముందే మైదాలో మసలే నీళ్ళు పోసేసింది. జొన్న రొట్టెకు పిండి అలాగే కలుపుతారు కదా, చేయి అలవాటు! బ్రెడ్‌ను పొంగించే ఈస్ట్‌కు ప్రాణముంటుంది, దానికి గోరువెచ్చని నీళ్ళు చాలు. మసలే నీళ్ళకు అది చచ్చిపోయింది. సాయంత్రం భార్యను తీసుకెళ్ళడానికి వచ్చిన రాజేశం ఆ బ్రెడ్‌ను వేళ్ళతో కొట్టి చూశాడు.

"ఇది తినేటందుకా, గోడ కట్టేటందుకా?" అన్నాడు. నవ్వి ఊరుకోకుండా నా వైపు తిరిగాడు. "మగ్గాలు పోయి సాంచాలు రాలేదా మేడం? ఇది గూడ గంతే. మిషనే ఇప్పియ్యుండ్రి."

నేత ఇంటివాడు ఆ మాటంటే కాదనడం కష్టం. కేంద్రం నుంచి ఒక మిషన్‌ను ప్రయోగానికి తెప్పించాను. గిన్నెలో పిండి, నీళ్ళు, ఈస్ట్ వేసి మూత పెట్టి మీట నొక్కితే చాలు. అడుగున ఉన్న రెక్క పిసుకుతుంది, పిండి పొంగేదాకా ఆగి అదే కాలుస్తుంది. మా కేంద్రంలోని ఏసీ గదిలో చక్కగా కుదిరింది. కోసాడ్‌లో మా క్లాసు నడిచే, ఎండకు కాగే పై అంతస్తు గదిలో కుదరలేదు. అక్కడి వేడికి పిండి ముందే పొంగిపోయేది, మిషన్ మాత్రం తన గడియారం ప్రకారం నింపాదిగా ఉండేది. కాల్చే వేళకు బ్రెడ్ నడుమ గుంట పడేది. ఈస్ట్ తగ్గించాం, చల్లటి నీళ్ళు పోశాం. ఒకరోజు బాగుంటే మరునాడు మళ్ళీ మొదటికొచ్చేది.

ఈలోగా శారద చేతి పని బాగా నేర్చింది. పిండిని సాగదీస్తే చిరగకుండా పలచని పొరలా రావాలి, ఆమెకు వచ్చేది. కానీ ఆసుపత్రికి సరిపడా పిండి రోజూ ఒక్కతే పిసకడం అయ్యే పని కాదు. మణికట్టు పట్టేసేది.

నమూనా ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే ఆ గదికి వెళ్ళాను. మిషన్ పిసకడం ముగించి ఆగింది. శారద టక్కున మీట నొక్కి మిషన్‌ను ఆపేసి, మూత తీసి, పిండిని బల్ల మీదికి తెచ్చుకుంది. పని పూర్తయ్యేదాకా మూత తీయకూడదని కంపెనీ సూచన. అదేమిటని అడిగాను.

"సాంచా నడుస్తుంటే పోగు తెగిందనుకోండ్రి, బట్ట అయ్యేదాక చూసుకుంట కూసుంటమా మేడం? ఆపుతం. మన ఎండ సంగతి గీ డబ్బాకేం ఎరుక? పిసుకుడు దాన్ని చెయ్యనీయుండ్రి. పొంగుడు నేను చూసుకుంట."

నా ఉద్యోగంలో మిషన్‌ను చూసి భయపడేవాళ్ళను చూశాను, దండం పెట్టేవాళ్ళనూ చూశాను. దానితో ఇలా బేరం పెట్టుకున్న మనిషిని అప్పుడే చూశాను. ఎంత ముచ్చటేసిందో! "కానియ్యి శారదా" అన్నాను. పిండిని అచ్చులో సర్ది తడిబట్ట కప్పింది. నడుమ నడుమ వేలితో నొక్కి చూస్తూ కూర్చుంది. పడిన గుంట మెల్లగా సగం పూడే దశకు రాగానే, కేంద్రం నుంచి తెచ్చిన ఓవెన్‌లో పెట్టింది.

క్యాంటీన్ మేనేజరు ఆ బ్రెడ్‌ను ముక్కలు కోయించి వెన్న రాయించాడు. ఒక్కటీ విరగలేదు, పొడి రాలలేదు. చేత్తో చేశావా మిషన్‌తోనా అని హిందీలో అడిగాడు. "దోనోంసే, సాబ్" అంది శారద, రెండింటితోనూ అని. మరునాటి నుంచి తెమ్మన్నాడు.

సిఫారసులో ఆ రెండింటిలో ఏదో ఒకటి రాయకుండా, పిండి పిసికే చిన్న మిక్సర్‌తో పాటు చిన్న ఓవెన్‌ను ఒకే సెట్‌గా చూపించాను. అన్నీ చేసే మిషన్ ఉండగా ఇదెందుకని కమిటీ అడిగింది. పొంగిన పిండిని చూడగల మనిషి అక్కడ ఉంది కాబట్టి, అని జవాబు రాశాను. కమిటీ ఒప్పుకుంది. శారద చమ్కీల పని మానేసింది.

బ్రెడ్ మిషన్ కొనమంటారా, చేత్తో చేసుకోమంటారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పిండి ఎప్పుడు సిద్ధమైందో మీకు తెలిస్తే ఏది కొన్నా పనికొస్తుంది, తెలియకపోతే కొనడానికి ముందు అది నేర్చుకోండి అంటాను.